గ్రానైట్ యూనిట్లో భద్రత, పనివాళ్ల సంతృప్తి: అడిగి తెలుసుకుని సరిచేసే పద్ధతి

గ్రానైట్ ఫ్యాక్టరీలో మనుషులు నిలవడం లేదంటే ఓనర్లు చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే: పక్క ఫ్యాక్టరీవాళ్లు రోజుకు యాభై ఎక్కువిస్తామన్నారట. కొంతవరకు నిజమే. మిగతాది లైన్ పాలిష్ (రాతి పలకలను వరసగా నునుపుచేసే మిషను) దగ్గర ఒక షిఫ్టు నిలబడితే తెలుస్తుంది. కాళ్ల కింద ఎప్పుడూ బురదనీళ్లు, చెవుల్లో హోరు, మెడలో వేలాడే తడిసిన మాస్కు, దాహమేస్తే రెండు షెడ్ల అవతల డ్రమ్ము. ఇన్ని ఉన్నచోట ఆ యాభై ఒక సాకు మాత్రమే.

చీమకుర్తి, కరీంనగర్, ఖమ్మం వైపు 30 నుంచి 100 మంది దాకా పనిచేసే కటింగ్, పాలిషింగ్ యూనిట్లను దృష్టిలో పెట్టుకుని రాసిన పద్ధతి ఇది. ఓనరు చేయొచ్చు, మేనేజరు చేయొచ్చు. మూడు నెలల పని. భద్రతకు ఒక ఫైలు, పనివాళ్ల సంతృప్తికి ఇంకో ఫైలు పెట్టుకోకండి. పనివాడి లెక్కలో రెండూ ఒకటే: చెప్తే వింటున్నారా, విన్నాక ఏమైనా మారుతోందా.

1. రాయి వెళ్లే దారిలోనే మీరూ నడవండి

బ్లాక్ (కోయని రాతిబండ) యార్డులో మొదలుపెట్టండి. గ్యాంట్రీ (బ్లాకులు ఎత్తే క్రేను), కట్టర్లు, రెసిన్ (పగుళ్లు పూడ్చే జిగురు) పూసే చోటు, లైన్ పాలిష్, ఎడ్జ్ కటింగ్, చేతి గ్రైండర్ల దగ్గర పని, స్లాబ్ (కోసిన రాతి పలక) స్టాండ్లు, చివరికి కంటైనర్ లోడింగ్. ఒక్కో చోట కనీసం ఇరవై నిమిషాలు నిలబడండి. మొదటి ఐదు నిమిషాలు అందరూ మీ కోసం మాస్కు పెట్టుకుంటారు. ఆ తర్వాతే అసలు పని కనిపిస్తుంది.

రెండుసార్లు తిరగాలి. ఒకసారి పగలు, ఒకసారి రాత్రి షిఫ్టులో రెండు గంటల వేళ. గార్డు తీసేసిన గ్రైండరు, వెలగని లైటు, గ్యాంట్రీ కింద నుంచి అడ్డదారిలో నడిచే మనిషి రాత్రిపూటే కనిపిస్తారు. వెళ్తున్నట్టు ముందుగా చెప్పకండి. అక్కడ కనిపించినదానికి ఎవరినీ తిట్టకండి. తిట్టారంటే తర్వాత అడగబోయే ప్రశ్నలకు జవాబులు ఆ రాత్రే ఆగిపోతాయి.

ఆఫీసులోకి వచ్చాక ప్రమాదాల రిజిస్టరు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె పక్కపక్కన పెట్టి చూడండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రతి 150 మందికి ఒక పెట్టె ఉండాలని, పనివేళల్లో శిక్షణ ఉన్న మనిషి అందుబాటులో ఉండాలని చెప్పింది. పెట్టెలో దూది, కట్టుగుడ్డ, యాంటీసెప్టిక్ అయిపోవస్తున్నాయి, రిజిస్టరు మాత్రం ఆరు నెలలుగా ఖాళీగా ఉంది అంటే దెబ్బలు తగులుతూనే ఉన్నాయి, రాయడమే లేదని అర్థం. పెట్టెకు తాళం వేసి, ఆ తాళం ఆఫీసులో ఉంటే అది ఇంకో సంగతి.

2. అడగండి, కానీ ఎవరు ఏం చెప్పారో తెలియకుండా

"ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అందరినీ నిలబెట్టి అడిగితే వచ్చే జవాబు "ఏం లేవు సార్". ఒడిశా, బీహార్, రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లయితే ఆ మాటా మేస్త్రీయే చెప్తాడు. అందుకని కాగితం మీద అడగాలి. చదవడం రానివాళ్లు కూడా నింపగలిగే కాగితమై ఉండాలి.

ఒక పేజీలో తొమ్మిది వరుసలు గీయండి. ప్రతి వరుస మొదట్లో ఒక బొమ్మ: కుళాయి, తలుపు, మాస్కు, మిషను, గ్రైండరు, డబ్బు, మాట్లాడే మనిషి, అలిసిన మనిషి, ఇద్దరు అన్నదమ్ములు. పక్కన మూడు ముఖాలు: నవ్వేది, మామూలుది, ఏడ్చేది. ఒకరు ప్రశ్నను తెలుగులో, హిందీలో, ఒడియాలో గట్టిగా చదువుతారు: "కుళాయి బొమ్మ ఉన్న వరుసలో టిక్ పెట్టండి." చదివే మనిషి సూపర్‌వైజరూ కాకూడదు, మేస్త్రీ కాకూడదు, ఓనరు బంధువూ కాకూడదు. దగ్గర్లోని కాలేజీ కుర్రాళ్లనో, హెల్త్ సబ్‌సెంటర్ సిబ్బందినో పిలిస్తే సరిపోతుంది.

ప్రశ్నలు ఇవి:

తాగే నీళ్లు మీరు పనిచేసే చోటికి దగ్గర్లో, తాగేలా ఉన్నాయా?

మరుగుదొడ్డిలో నీళ్లు, తలుపుకు గడియ ఉన్నాయా? (ఆడవాళ్ల కాగితాలు విడిగా తీసి లెక్కపెట్టండి.)

ఇచ్చిన మాస్కును షిఫ్టంతా పెట్టుకోగలుగుతున్నారా?

మిషను ప్రమాదంగా అనిపించి ఆపేస్తే తిట్టకుండా ఉంటారా?

మీ చేతికిచ్చిన పనిముట్లు మంచి స్థితిలో ఉన్నాయా?

ఓటీ (ఓవర్‌టైం) డబ్బు లెక్క ప్రకారం, సమయానికి వస్తోందా?

మీ పైవాడు మాట్లాడే తీరు ఎలా ఉంది?

షిఫ్టు అయ్యాక ఒళ్లు ఎలా ఉంటోంది?

మీ సొంత తమ్ముణ్ణి ఈ పనిలోకి రమ్మంటారా?

"మాస్కు ఇచ్చారా?" అని అడిగితే వందకు వంద మందీ అవునంటారు, ఎందుకంటే ఇచ్చారు. "పెట్టుకోగలుగుతున్నారా?" అంటేనే సంగతి బయటపడుతుంది. ఇక సంతృప్తి గురించి ఎన్ని ప్రశ్నలు కల్పించినా చివరిదానికి సాటిరావు. తాను భరించే పనిలోకి తమ్ముణ్ణి తెస్తాడా లేదా అన్నదగ్గర మనిషి అబద్ధం చెప్పడం కష్టం.

అందరికీ ఒకే రంగు పెన్ను ఇవ్వండి. నీలం పెన్నులు పంచి, చివర్లో వచ్చిన ఒక్కడికి నల్ల పెన్ను ఇస్తే వాడి కాగితం దొరికిపోయినట్టే. పేరు వద్దు, వేలిముద్ర వద్దు. వెనకవైపు విభాగం గుర్తు (షిఫ్టు, కాంట్రాక్టు, ఆడవాళ్లు అన్న గుర్తులూ ఇంతే) వేయించాలనుకుంటే ఆ గుంపులో కనీసం ఐదుగురైనా ఉండాలి. ఇద్దరే ఉన్న రెసిన్ గదిని లైన్ పాలిష్‌తో కలిపేయండి. కాగితాలు తాళం వేసిన పెట్టెలో పడాలి, లెక్కపెట్టడం కూడా బయటి మనిషే చేయాలి.

ఇదంతా జీతమిచ్చే పనివేళలోనే జరగాలి. పట్టేది ముప్పై నిమిషాలు. జీతాల రోజున, పండగ బోనస్ ఇచ్చిన వారంలో అడగొద్దు. నెల మధ్యలో ఏదో ఒక మామూలు రోజు చూసుకోండి.

3. జవాబులు చదివే పద్ధతి

ప్రతి ప్రశ్నకు నవ్వుముఖాల నుంచి ఏడుపుముఖాలను తీసేయండి. 48 కాగితాలు వచ్చాయనుకుందాం. మాస్కు వరుసలో నవ్వేవి 9, ఏడ్చేవి 27 అయితే లెక్క మైనస్ 18. ఇలా తొమ్మిది వరుసలకూ కట్టి, అన్నిటికన్నా కిందకు పోయిన మూడు వరుసలను ముందు పట్టుకోండి. శాతాలు, సగటులు అక్కర్లేదు.

రాత్రి షిఫ్టుకూ పగటి షిఫ్టుకూ తేడా వస్తే అది ఎక్కువగా సూపర్‌వైజర్ తేడా. కాంట్రాక్టు మనుషులకూ సొంత మనుషులకూ తేడా వస్తే ముందు ఓటీ లెక్క, ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాష్ట్ర బీమా) చూడండి. అన్ని వరుసల్లోనూ అందరూ నవ్వితే సంతోషించకండి. కాగితం ఎవరిదో తెలిసిపోతుందని భయపడ్డారు, లేదా పక్కన మేస్త్రీ నిలబడ్డాడు. పద్ధతి సరిచేసుకుని ఓ నెల తర్వాత మళ్లీ అడగాల్సిందే.

వారం లోపల ఫలితాన్ని టైం ఆఫీసు దగ్గర బోర్డు మీద రాయండి. నాలుగు గడులు చాలు: మీరు చెప్పింది, మేం చేసేది, ఎవరు చేస్తారు, ఏ తేదీకి. చేయలేనిది ఉంటే దాన్నీ రాసి, ఎందుకు కుదరదో ఒక వాక్యంలో చెప్పండి. కుదరదని చెప్తే మనుషులు ఒప్పుకుంటారు, చూద్దాం చూద్దాం అంటే ఒప్పుకోరు. బోర్డు హిందీలో కూడా ఉండాలి.

4. మొదటి వారంలోనే అయిపోవాల్సినవి

నీళ్లు: ప్రతి షెడ్డులో చల్లటి తాగునీళ్లు. మరుగుదొడ్డికి తలుపు, గడియ, నీళ్లు, లైటు. ఆడవాళ్లకు వేరుగా ఉండాలి. చాలా యూనిట్లలో ఊడ్చే పని, రెసిన్ పూసే పని చేసే ఆడవాళ్లు మరుగుదొడ్డికి భయపడి పొద్దుటి నుంచీ నీళ్లే తాగరు. ఎండాకాలంలో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో వాళ్లుండటానికి కారణం ఇదే. పోయేది ప్లంబరు కూలీ, ఒక తలుపు ఖరీదు.

ఓటీ: వారానికి 48 గంటలు దాటిన పనికి మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి. 12 గంటల షిఫ్టును మామూలు షిఫ్టుగా లెక్కవేసే అలవాటు గ్రానైట్ యూనిట్లలో బాగా ఉంది. సంతృప్తి కాగితంలో ఓటీ వరుస కిందకు పోతే మిగతా వరుసలు ఎంత బాగున్నా ఎవరూ నమ్మరు.

ఈఎస్‌ఐ: పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న యూనిట్లో నెలకు 21,000 దాకా జీతమున్న ప్రతి మనిషికీ ఉండాలి. పనివాడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. డబ్బు కట్టినంత మాత్రాన సరిపోదు, కార్డు వాడి చేతిలో ఉండాలి. ఆధార్‌లో సొంతూరి చిరునామా ఉన్న వలస కార్మికుడికి ఏ డిస్పెన్సరీకి వెళ్లాలో కూడా తెలియదు. ఒక మనిషిని పంపి అందరి కార్డులూ ప్రింటు తీయించి ఇప్పించండి.

మాస్కులకు, బూట్లకు జీతంలో కోతపెట్టొద్దు. ఆరోగ్యం, భద్రత కోసం ఇచ్చే దేనికీ కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది.

కరెంటు: తడి షెడ్డులో ప్రతి గ్రైండర్ లైనుకూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే బ్రేకరు) ఉండాలి, దాని టెస్టు బటన్‌ను నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కినా పడిపోకపోతే అది అలంకారమే. నేల మీద నీళ్లలో పడున్న టేపు చుట్టిన జాయింట్లు తీసేసి, నీళ్లు చొరబడని ఇండస్ట్రియల్ ప్లగ్గులు వేయించండి.

5. దుమ్ము: ఎక్కువ డబ్బు, ఎక్కువ ఓపిక ఇక్కడే పెట్టాలి

రాయిలోని క్వార్ట్జ్ (సిలికా ఖనిజం) అతి సన్నని పొడిగా ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే మచ్చకడుతుంది. అదే సిలికోసిస్. సాధారణంగా పదేళ్లు, ఆ పైన బయటపడుతుంది, దుమ్ము మరీ ఎక్కువైతే ఐదేళ్లకే. ఒకసారి వచ్చాక నయం కాదు, పైగా టీబీ ముప్పు పెంచుతుంది. హాని చేసే రేణువు కంటికి కనిపించదు కాబట్టి "ఇక్కడ దుమ్మేం లేదు" అనే మాటకు విలువ లేదు.

రాయిని బట్టి ముప్పు మారుతుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ శిలల లెక్కలో అది గ్యాబ్రో జాతి, క్వార్ట్జ్ చాలా తక్కువ. నిజమైన గ్రానైట్లలో, అంటే లేతరంగు, ఎరుపు రకాల్లో క్వార్ట్జ్ ఐదో వంతు, ఆ పైన కూడా ఉంటుంది. అన్నిటికన్నా ప్రమాదం కిచెన్ ప్లాట్‌ఫారాలకు వాడే ఇంజినీర్డ్ క్వార్ట్జ్: అందులో సిలికా 90 శాతం దాటొచ్చు. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి దాన్ని నిషేధించింది. మీ దగ్గర అప్పుడప్పుడూ ఆ స్లాబులు కోస్తుంటే, పొడిగా ఒక్క కోత కూడా వేయనివ్వకండి.

పెద్ద కట్టర్లు, లైన్ పాలిష్ ఎలాగూ నీళ్లతోనే నడుస్తాయి. దుమ్మంతా లేచేది చేతి గ్రైండరుతో అంచులు తీసేటప్పుడు, సింక్ కోసం రంధ్రం కోసేటప్పుడు, మూలలు గుండ్రం చేసేటప్పుడు. కాబట్టి మీ దగ్గర ఒక్క పెట్టుబడికే డబ్బుంటే గాలితో నడిచే తడి పాలిషర్లు కొనండి. కంప్రెసర్ గాలితో తిరుగుతాయి, మధ్యలోంచి నీళ్లు పోస్తాయి. దుమ్ము అక్కడే అణుగుతుంది, తడిచేతుల్లో 230 వోల్టుల మిషను పట్టుకునే బాధా పోతుంది.

నీళ్లు ఎంత పోశామన్నది కాదు, ఎక్కడ పడుతున్నాయన్నది ముఖ్యం. బ్లేడు రాయిని తాకే చోటే పడాలి. బాటిల్‌కు చిల్లుపెట్టి హెల్పరుతో పోయిస్తే సగం నీళ్లు పక్కకు పోతాయి, పైగా దుమ్ములో ఇప్పుడు ఇద్దరున్నారు.

సరిపోతోందో లేదో చీకటి పడ్డాక చూడొచ్చు. పనిచేసే మనిషికి అవతలివైపు బాగా వెలుగున్న టార్చి పెట్టి, దాని కాంతి మీవైపు వచ్చేలా తిప్పండి. కాంతి నేరుగా కళ్లలో పడకుండా అట్టముక్క అడ్డం పెట్టుకుని ఆ మనిషి ముఖం చుట్టూ చూడండి. మామూలు వెలుతుర్లో కనిపించని పొగలాంటి తెర అక్కడ తేలుతూ ఉంటుంది. దాన్ని సూపర్‌వైజర్లకు ఒక్కసారి చూపిస్తే తర్వాత మాస్కు గురించి ఉపన్యాసం అక్కర్లేదు.

తడి పనిలోనూ దుమ్ము పుట్టే దారులు మూడున్నాయి. ఒకటి, నేల మీద స్లర్రీ (రాతిపొడి కలిసిన బురద) ఆరిపోవడం. ఆరాక ఫోర్క్‌లిఫ్ట్ చక్రాల కింద నలిగి గాల్లోకి లేస్తుంది. అందుకే ప్రతి షిఫ్టు చివరా తడిగా ఉండగానే కడిగేయాలి. పొడి చీపురు షెడ్డులో కనిపించకూడదు. రెండు, తిప్పి వాడే నీళ్లు. సెటిలింగ్ ట్యాంకు నిండిపోయి నీళ్లు పాలలా తెల్లగా వస్తుంటే, బ్లేడు దగ్గర లేచే తుంపరలోనే రాతిపొడి ఉంటుంది. మూడు, కంప్రెసర్ గొట్టంతో బట్టలు దులుపుకోవడం. దీన్ని పూర్తిగా ఆపించాలి. ఆపించాలంటే ముందు స్నానానికి నీళ్లు, బట్టలు మార్చుకునే గది ఉండాలి. అవి లేకుండా బోర్డు రాసిపెడితే గొట్టం చాటుగా వాడతారు.

మాస్కులకొస్తే, తువ్వాలు, గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఈ దుమ్మును ఆపవు. ఐఎస్ 9473 (భారత ప్రమాణం) గుర్తున్న ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం మాస్కు కావాలి, పొడి గ్రైండింగ్ తప్పనిచోట రబ్బరు హాఫ్ మాస్కుకు దుమ్మును ఆపే ఫిల్టరు బిగించి వాడాలి. పెట్టుకున్నాక రెండు చేతులతో కప్పి గట్టిగా గాలి వదలమనండి. అంచుల్లోంచి చెంపలకు గాలి తగిలితే ముక్కు క్లిప్పు నొక్కలేదన్నమాట. గడ్డం ఉన్న ముఖానికి ఇది అతకదు.

మనుషులు మాస్కు ఎందుకు తీసేస్తారంటే మొండితనం వల్ల కాదు. తడి షెడ్డులో రెండు గంటల్లో మాస్కు నానిపోతుంది. నానిన మాస్కులోంచి ఊపిరి లాగడం కష్టం. మెడలో వేలాడే మాస్కు తిప్పి చూస్తే లోపలివైపే బురద పట్టి ఉంటుంది: తీయడం, బురద చేత్తో పట్టుకోవడం, మళ్లీ పెట్టుకోవడం. అందువల్ల మనిషికి షిఫ్టుకు రెండు మాస్కులు, వాల్వు ఉన్నవి ఇవ్వండి. రెండోది భోజనం తర్వాత చేతులు కడుక్కున్నాక. వారానికొకటి ఇచ్చి వాడలేదని జరిమానా వేయడం వల్ల దుమ్మూ తగ్గదు, కోపమూ తగ్గదు.

ఏడాదికోసారి గుర్తింపు ఉన్న ల్యాబ్‌తో కొలిపించండి. చిన్న పంపును పనివాడి కాలరుకు తగిలించి షిఫ్టంతా గాలి లాగే పద్ధతిలోనే కొలవాలి. షెడ్డు మూలన మిషను పెట్టి కొలిస్తే పనికిరాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్‌లో ఉన్న లెక్క ప్రకారం ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నని దుమ్ము పరిమితి ఘనపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు: 10ని, దుమ్ములో క్వార్ట్జ్ శాతానికి 2 కలిపి వచ్చినదానితో భాగించాలి. క్వార్ట్జ్ 28 శాతం ఉంటే 10 భాగించు 30, అంటే 0.33. ఇది కనీస గీత. అమెరికా పరిమితి దీనికన్నా బాగా కఠినం, క్వార్ట్జ్ ఒక్కటే 0.05 దాటకూడదంటుంది. మీరు ఎంత దిగువకు రాగలిగితే అంత మంచిది.

చేర్చుకునేటప్పుడు, ఆ తర్వాత ఏటా ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష చేయించండి. డాక్టరుకు చూపేటప్పుడు "రాతి పని, ఇన్నేళ్లు" అని చీటీ మీద రాసి పంపండి. ఆ మాట చెప్పక సిలికోసిస్‌ను టీబీ అనుకుని నెలలకొద్దీ మందులు మింగినవాళ్లున్నారు. రిపోర్టు కాపీ పనివాడి చేతికివ్వాలి. ఎక్స్‌రేలో తేడా వస్తే పని తీసేయబోమని, అదే జీతంతో దుమ్ములేని పనికి మారుస్తామని ముందే రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే పరీక్ష రోజున సగంమంది రారు. సిలికోసిస్ చట్టప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. ఈఎస్‌ఐలోనూ వృత్తిరోగాల జాబితాలో ఉంది.

6. స్లాబులు, గ్యాంట్రీ

దుమ్ము ఏళ్ల తరబడి చంపుతుంది, స్లాబు క్షణంలో చంపుతుంది. రెండు సెంటీమీటర్ల మందం స్లాబు చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు. 9 అడుగులకు 6 అడుగుల స్లాబు ఒక్కటి 270 కిలోలు. స్టాండు మీదున్న మూడు కలిసి ఒరిగితే ఎనిమిది వందల కిలోలకు పైమాటే, చేతులడ్డం పెట్టి ఆపడం ఎవరివల్లా కాదు. ఆపబోయినవాళ్లే పోతారు. "పడుతుంటే వదిలేసి పక్కకు తప్పుకో, పగిలితే పగలనీ" అని ఓనరే స్వయంగా చెప్పాలి. స్లాబు పగిలితే జీతంలో కోసే యూనిట్లో ఈ మాట ఎవరూ నమ్మరు. ముందు ఆ కోత తీసేయండి.

ఏ-ఫ్రేమ్ (A ఆకారపు) స్టాండుకు రెండువైపులా సమానంగా ఎక్కించాలి, దించేటప్పుడు అటొకటి ఇటొకటి తీయాలి. ఒకవైపే ఖాళీచేస్తే స్టాండు రెండోవైపు ఒరుగుతుంది. నేల వాలుగా ఉన్నచోట స్టాండు వద్దు. స్లాబు ఎత్తు ఎంతో అంత దూరం ముందువైపు పసుపు రంగు గీత వేసి, క్లాంపు (స్లాబును పట్టి ఎత్తేది) కదులుతున్నప్పుడు ఆ గీత లోపల ఎవరూ ఉండకుండా చూడాలి. కంటైనర్ లోడింగ్‌లో స్లాబుల కట్టకూ గోడకూ మధ్య మనిషిని నిలబెట్టి సర్దించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. వెనక్కి తప్పుకునే చోటే ఉండదు.

వైర్ రోప్‌లో తీగలు తెగి ముళ్లలా గుచ్చుకుంటున్నా, మెలిపడినా, నొక్కుకుపోయినా తీసేయాలి. గ్యాంట్రీని, గొలుసులను, షాకిళ్లను (గొలుసులను తగిలించే ఇనుప కొక్కేలను) ఏడాదికోసారైనా సర్టిఫికెట్ ఇవ్వగల మనిషితో పరీక్ష చేయించాలి. చేతి గ్రైండరు గార్డు తీసేసి పెద్ద బ్లేడు బిగించడం ప్రతి యూనిట్లో కనిపించేదే. 7 అంగుళాల డిస్కు నిమిషానికి సుమారు 8,500 చుట్ల వేగానికి తయారైంది, 4 అంగుళాల గ్రైండరు 11,000 పైన తిరుగుతుంది. డిస్కు ముక్కలై ఎగిరితే గార్డు లేని చోట దానికి ఎదురుగా ఉండేది ముఖమే. ఎందుకు మారుస్తున్నారో అడగండి: సాధారణంగా లోతైన కోతకు తగిన మిషను లేక. అది కొనిస్తే ఈ గోల పోతుంది.

కంట్లో రాతిముక్క పడితే తువ్వాలు కొసతో తీయనివ్వకండి. శుభ్రమైన నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పంపండి.

7. ఎండలు ముదిరే ముందు

ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు లోపల బయటికన్నా వేడి. పైకప్పుకు సున్నమో కూల్ పెయింటో మార్చిలోనే వేయించండి. యార్డు పనులను ఉదయం ఆరు నుంచి పదకొండుకు, సాయంత్రం నాలుగు తర్వాతకు మార్చండి. బయట పనిచేసేవాళ్లు ప్రతి ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు, దాహం లేకపోయినా తాగాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు అయిపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. మజ్జిగ ఇచ్చినా మంచిదే, ఎవరూ వద్దనరు.

కొత్తగా చేరినవాళ్లు, సొంతూరు వెళ్లి వారాల తర్వాత వచ్చినవాళ్లు ఎక్కువగా పడిపోతారు. మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతు, తర్వాత రోజుకు కొంచెం చొప్పున పెంచాలి. మాట తడబడి, ఒళ్లు కాలిపోతూ, తూలుతున్నాడంటే వడదెబ్బ: 108కి ఫోను చేసి, నీడలో పడుకోబెట్టి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు.

8. తప్పిపోయిన ప్రమాదాలను రాయించడం

షాకిల్ జారి బ్లాకు ఊగింది, ఎవరికీ తగల్లేదు. ఇలాంటివే రేపటి ప్రమాదాలు. పోస్టుకార్డు సైజు కార్డులు గేటు దగ్గర పెట్టండి. రాయలేనివాడు సెల్‌ఫోనులో వాయిస్ మెసేజ్ పంపొచ్చు, ఏ భాషలోనైనా. రెండు నియమాలు చాలు: చెప్పినవాడికి శిక్ష లేదు, 48 గంటల్లో ఎవరో ఒకరు వెళ్లి చూసి జవాబు చెప్తారు. కార్డుకు యాభై, వంద బహుమతులు పెట్టకండి, కల్పించిన కార్డులొస్తాయి. "నెలంతా ప్రమాదం లేకపోతే అందరికీ బిర్యానీ" అని అసలే పెట్టొద్దు. వేలు నలిగినవాడు మిగతావాళ్ల బిర్యానీ పోతుందని కట్టుకట్టుకుని దాచేస్తాడు.

9. మూడు నెలలకు మళ్లీ

అవే తొమ్మిది ప్రశ్నలు, అవే బొమ్మలు, అదే మనిషి చదవాలి. ప్రశ్న మార్చితే పోల్చలేరు. మొదటి మూడు నెలల్లో ప్రమాదాల రిజిస్టరులో, కార్డుల్లో సంఖ్య పెరుగుతుంది. పని చెడిపోయిందని కాదు, రాయడం మొదలైందని. ఆ పెరుగుదల చూసి సూపర్‌వైజర్‌ను మందలిస్తే మరుసటి నెలకు మళ్లీ ఖాళీ పేజీలే.

నీళ్లు, మరుగుదొడ్డి, ఓటీ వరుసలు త్వరగా పైకి వస్తాయి. మాస్కు వరుస నెమ్మదిగా కదులుతుంది. తమ్ముడి వరుస ఏడాది దాకా కదలకపోవచ్చు, కంగారుపడకండి. ఏదైనా వరుస మొదటిసారి కన్నా కిందకు పోతే బోర్డు మీద ఆ పనికి రాసిన తేదీ చూడండి. చాలాసార్లు తేదీ దాటిపోయి ఉంటుంది. బోర్డు మీద పనులు సగం కూడా కాకుండా రెండోసారి కాగితాలు పంచొద్దు, ముందు అవి పూర్తిచేయండి, సర్వేను అప్పటిదాకా వాయిదా వేయండి.